మెర్కాప్టాన్ అని రాస్తే తప్పా? థయోల్ అనే రాయాలా?

రేణువు: పరీక్షలో ఒక సమ్మేళనం పేరు రాయమంటే ఈథైల్ మెర్కాప్టాన్ అని రాశాను. మార్కు వేయలేదు. ఈథేన్‌థయోల్ అని రాయాలట. ఆల్కహాల్‌లో ఆక్సిజన్ ఉండే చోట గంధకం ఉంటే వచ్చేదే కదా ఇది, –ఎస్‌హెచ్ సమూహం. రెండు పేర్లూ దానివే. తెలిసి రాసినా తప్పేనా?

బీకరు: తప్పే. రసాయనాల పేర్లకు నియమాలు పెట్టే అంతర్జాతీయ సంస్థ ఐయూపీఏసీ మెర్కాప్టాన్‌ను వదిలేసింది. మెర్కాప్టో అని ముందు చేర్చే చోట కూడా ఇప్పుడు సల్ఫనైల్ అనాలి. నేను పాఠం చెప్పేటప్పుడు పాత పేరు అసలు పలకను.

షిఫ్టు_బి: మీరు పలకకపోతే పోయేది కాదు మాస్టారూ. నేను 18 ఏళ్లుగా గ్యాస్‌లో వాసన కలిపే పనిలో ఉన్నాను. ఎల్పీజీకి సొంత వాసన లేదు, లీకైతే తెలియాలని ఈథైల్ మెర్కాప్టాన్ కలుపుతాం. 35 డిగ్రీలకే మరిగిపోతుంది, చుక్క ఒలికితే చాలు, కంపు అంతటా కమ్ముకుంటుంది. డ్రమ్ము మీద మెర్కాప్టాన్, లాగ్‌బుక్కులో మెర్కాప్టాన్, మా నోట్లోనూ అదే. ఒకసారి కొత్త ఇంజనీరు కాగితం మీద థయోల్ అని రాసి పంపితే అది వేరే సరుకేమో అనుకుని మావాళ్లు డ్రమ్ము ముట్టుకోలేదు, పని ఆగిపోయింది, తిట్లు నేను తిన్నాను.

తేనీరు: కుళ్లిన గుడ్డు వాసన అంటారే, అదేనా ఇది?

బీకరు: కాదు, అది హైడ్రోజన్ సల్ఫైడ్. షిఫ్టు_బి గారూ, కాగితం చదవడం రాకపోవడం పేరు తప్పు కాదు. జైసే అనే డెన్మార్క్ రసాయన శాస్త్రవేత్త 1830లలో లాటిన్ మాటలు మెర్కూరియం కాప్టాన్స్ నుంచి ఈ పేరు పెట్టాడు, పాదరసాన్ని పట్టుకునేది అని అర్థం. అందులో పాదరసం లేదు. లేనిదాని పేరు ఎందుకు మోయాలి?

షిఫ్టు_బి: అలాగైతే ఆక్సిజన్‌కు ఆమ్లజని అనే మాట? ఆమ్లాన్ని పుట్టించేది అని పేరు పెట్టారు. హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఆక్సిజన్ ఏదీ? పైగా మెర్కాప్టాన్ అబద్ధం చెప్పడం లేదు, అది పాదరసాన్ని పట్టుకుంటుంది. పాదరసం విషానికి విరుగుడుగా ఇచ్చే డైమెర్కాప్రాల్‌లో రెండు –ఎస్‌హెచ్‌లు ఉన్నది ఎందుకు? థయోల్ అంటే గంధకం ఉందని తెలుస్తుంది, అంతే. అది చేసే పని తెలియదు.

బీకరు: ఆక్సిజన్ గొడవ ఇక్కడికి తేవద్దు.

షిఫ్టు_బి: ఎందుకు తేకూడదు? జవాబు లేకనా? మా చదువు తక్కువని మా మాటలు కూడా తక్కువా?

బీకరు: నేను ఆ మాట అనలేదు. నా నోట్లో పెట్టకండి.

శిశిర: ఇద్దరూ ఒక్క నిమిషం ఆగండి. మా బాబుకి ఆరేళ్లప్పుడు ల్యుకేమియా, అంటే రక్త క్యాన్సర్ వచ్చింది. ఇచ్చిన మాత్రల పేరు మెర్కాప్టోప్యూరిన్. చుట్టాల్లో ఒకాయన పేరు చదివి ఇందులో పాదరసం ఉందన్నాడు. మందు ఇచ్చినచోట అడిగితే పేరుతో మీకేం పని, వేయండి అన్నారు. వేశాను, ఒక్కరోజు కూడా మానలేదు. కానీ నా చేతులతో నేనే విషం పెడుతున్నానేమో అని ఎన్ని రాత్రులు ఏడ్చానో నాకే తెలుసు. పాదరసం లేదని ఇంత తేటగా చెప్పినవాళ్లు మీరే మొదలు.

బీకరు: అమ్మా, అందులో పాదరసం లేదు. ప్యూరిన్‌కు గంధకం చేరిన అణువు అది. ఎలియన్, హిచింగ్స్ అనే శాస్త్రవేత్తలు కనిపెట్టిన మందు, 1953 నుంచి వాడుతున్నారు. నేను ఐయూపీఏసీ అని మొదలుపెట్టాను గానీ నా అసలు బాధ ఇదే, తెలియనివాళ్లకు ముందు ఎదురయ్యేది పేరే. అది భయపెట్టకూడదు.

షిఫ్టు_బి: అమ్మా, మీ బాబు బాగుండాలి. మాస్టారూ, పేరు మారిస్తే భయం పోతుందా? మందులు పాడవకుండా కలిపే థయోమెర్సాల్ చూడండి, మొదట్లో మీ థయో ఉంది, బరువులో సగం దాకా పాదరసమే. పేరు చూసి ఊహించుకుంటే ఎటైనా పొరపడతాం. ఆవిడ అడిగినప్పుడు చెప్పాల్సింది మనిషి.

బీకరు: ఆ మనిషి చెప్పలేదు కదా! ఇలా అడిగే ప్రతి అమ్మకీ మీరు వెళ్లి చెబుతారా?

షిఫ్టు_బి: చెప్పాల్సినవాళ్లను వదిలేసి పేరును దిద్దుతానంటారు, అదే నాకు నచ్చనిది.

శిశిర: నాకు రెండూ కావాలి. డబ్బా మీద పాదరసం లేదని ఒక్క ముక్క ఉన్నా నిద్రపోయేదాన్ని.

రేణువు: మరి నా మార్కు?

బీకరు: ప్రశ్నలో ఐయూపీఏసీ పేరు అని అడిగారా?

రేణువు: లేదు సార్. పేరు రాయండి అని మాత్రమే ఉంది.

బీకరు: అయితే వేయాల్సిందే. పేపరు తీసుకెళ్లి అడుగు.