పొద్దున్నే గ్రూపులో ధ్యానం పంపాలా, మానేయాలా?

రాజాం కుర్రోడు:
మా విచారణ (మా కతోలిక చర్చి పరిధి) వాట్సాప్ గ్రూపు నేనే నడుపుతున్నాను. మూడేళ్ళుగా పొద్దున్న ఐదింటికి ఆ రోజు పఠనాలు (పూజలో చదివే బైబిల్ భాగాలు) ఏవో రాసి, కింద వాటి మీద ఎవరో రాసిన ధ్యానం, అంటే చిన్న వివరణ, ఒకటి అతికిస్తున్నాను. మొన్న శనివారం పూజ మొదలవకముందు ఫాదర్ గుమ్మం దగ్గర నిలబడి, "ఈరోజు సువిశేషం చదువుకుని వచ్చారా?" అనడిగారు. (పఠనాల్లో యేసు గురించిన భాగాన్ని సువిశేషం అంటాం.) అందరం తలలూపాం. "ఏముంది అందులో?" అన్నారు. ఒకావిడ వెంటనే "గద్ద, ఫాదర్" అంది.

నలభై ఏళ్ళు రాగానే గద్ద కొండెక్కి, ముక్కు రాతికేసి విరగ్గొట్టుకుని కొత్త ముక్కు తెచ్చుకుంటుందని ఒక కథ తిరుగుతుంటుంది కదా, ఆ రోజు ధ్యానం దాంతోనే మొదలైంది. (అసలు ఏ గద్దా అలా చెయ్యదు. ముక్కు లేకపోతే ఆకలితో చస్తుంది.) అందరికీ గద్దే గుర్తుంది. పంపినవాణ్ణి, నాకూ సువిశేషం గుర్తు లేదు.

ధ్యానం మానేసి పఠనం ఒక్కటే పంపుతానంటే సగం మంది గొడవ పెడుతున్నారు. మీరేమంటారు?

భావనపాడు ఆడపడుచు:
మానేయకు తమ్ముడూ. మా అత్తగారికి చదువు రాదు. ఆడియో ధ్యానం వస్తే పొయ్యి దగ్గర ఫోన్ పెట్టుకుని వింటారు. మా ఆయన వేరావల్‌లో బోటు మీద పని. ఒడ్డుకొచ్చి సిగ్నల్ దొరికినప్పుడు వారం రోజులవీ ఒకేసారి వింటారు. పౌలు గలతీయులకు రాసిన లేఖ ఒక ముక్క పంపి ఊరుకుంటే వీళ్ళకి ఏం తెలుస్తుంది? ధర్మశాస్త్రం, సున్నతి అంటుంటే నాకే తల తిరుగుతుంది. అపోస్తలుల కార్యాలు 8వ అధ్యాయంలో రథం మీద కూర్చుని యెషయాను చదువుతున్న ఇతియోపియా అధికారి కూడా, ఎవరూ చెప్పకపోతే నాకెలా అర్థమవుతుంది అనే కదా ఫిలిప్పుతో అన్నాడు!

వజ్రపుకొత్తూరు రైతు:
నా బాధ వేరమ్మా. ధ్యానం రాసేవాళ్ళు అన్నీ మరీ తొందరగా సర్దిచెప్పేస్తారు.

2018 అక్టోబర్ 11, గురువారం. తెల్లవారుజామున తిత్లీ తుఫాను మా దగ్గరే తీరం దాటింది. కొబ్బరి, జీడి, పనస ఏదీ మిగల్లేదు. మా నాన్న నాటిన చెట్లు ఒక్క పూటలో నేల మీద పడుకున్నాయి. కరెంటు లేదు, ఫోన్లు పనిచెయ్యలేదు. అంచేత ఏ ధ్యానమూ రాలేదు. గాలి తగ్గాక మా ఉపదేశి (ఫాదర్ లేనప్పుడు ఊళ్ళో ప్రార్థన నడిపించేవారు) అంచులు తడిసిన పుస్తకం తెరిచి ఆ రోజు సువిశేషం చదివారు. లూకా 11, 5 నుంచి 13. అర్ధరాత్రి స్నేహితుడి తలుపు కొట్టి రొట్టెలు అడిగేవాడి కథ. అడిగితే ఇస్తారని, తడితే తెరుస్తారని. కొడుకు చేపనడిగితే పామునిచ్చే తండ్రి ఎవడైనా ఉంటాడా అని. రాత్రంతా మేం తలుపుకి మంచం అడ్డం పెట్టి కూర్చున్నవాళ్ళం! చదవడం అయ్యాక ఆయన ఒక్క మాట కూడా చెప్పలేదు. పుస్తకం మూసేసి, పక్కింటివాళ్ళ రేకులు ఏరడానికి వెళ్ళిపోయారు.

మళ్ళీ 14న ఆదివారం. మార్కు 10వ అధ్యాయం. ఆస్తిపరుణ్ణి ఉన్నదంతా అమ్మి పేదలకిమ్మంటారు ప్రభువు. మా దగ్గర అమ్మడానికి ఏటుంది? ఆ కిందే, నా కోసం ఇల్లూ పొలమూ విడిచినవాడికి నూరంతలు వస్తుందని ఉంది. మేం విడవలేదు, పోయాయి. ఆ తేడా గురించి ఇప్పటికీ ఆలోచిస్తున్నాను. ఆ వారం ఎవరైనా నాకు ధ్యానం పంపి ఉంటే, చివర్లో "దేవుడు నీకు పెద్ద ఆశీర్వాదం సిద్ధం చేస్తున్నాడు" అని ముగించేవారు. నేను ఆమెన్ పెట్టేసి మర్చిపోయేవాణ్ణి.

ఈ పఠనాల వరస 1969లో వేశారు. ఆదివారాలకి మూడేళ్ళ వరస. మామూలు రోజుల్లో మొదటి పఠనం రెండేళ్ళకోసారి తిరిగొస్తుంది, సువిశేషం మాత్రం ఏటా అదే. పండగేదీ అడ్డు రాకపోతే సామాన్య కాలం (పండగ కాలాలు కాని రోజులు) 27వ వారం గురువారం నాకు ఆ లూకా 11 మళ్ళీ ఎదురవుతుంది. అది నేను ఏరుకున్నది కాదు. నాకు నచ్చేలా ఎవరో వండిపెట్టిందీ కాదు. అందుకే పఠనం ఒక్కటే పంపమంటాను.

టెక్కలి మాస్టారు:
అన్నా, మీ మాట కాదనలేను. కానీ శ్రీసభ (కతోలిక సంఘం) కూడా కొన్ని వదిలేసింది. గురువులూ (ఫాదర్లు) కన్యస్త్రీలూ రోజూ చెప్పుకునే ప్రార్థనల పుస్తకాన్ని రెండవ వాటికన్ మహాసభ (1960ల్లో బిషప్పులందరి సమావేశం) తర్వాత సవరించినప్పుడు 58, 83, 109 కీర్తనలు పూర్తిగా తీసేశారు. మరీ శాపనార్థాలుగా ఉన్నాయని. 58లో అయితే శత్రువుల పళ్ళు రాలగొట్టమని దేవుణ్ణే అడుగుతాడు. కాబట్టి ఏరడం అనేది వాట్సాప్‌తో మొదలవలేదు.

నా అభ్యంతరం రాసినవాళ్ళ పేరు లేకపోవడం మీద. పూజలో ప్రసంగం గురువో డీకనో (గురువుకి కింది హోదా) తప్ప ఇంకొకరు చెయ్యకూడదు, శ్రీసభ చట్టం 767లో ఉంది. గ్రూపులో మాత్రం ఊరూ పేరూ లేని ముక్కకి వంద ఆమెన్లు. పైగా ప్రసంగం ఎనిమిది నిమిషాలు దాటొద్దని పోప్ ఫ్రాన్సిస్ 2024 జూన్‌లో చెప్పారు. మీ ఆడియోలు ఎంతసేపు ఉంటున్నాయి బాబూ?

గజపతినగరం:
ఆ ఎనిమిది నిమిషాల సంగతి ముందు మా ఫాదర్‌కి ఎవరైనా చెప్పండి మాస్టారూ.

భావనపాడు ఆడపడుచు:
రైతు అన్నయ్యా, తిత్లీలో మాకూ బోటు పోయింది, వలలు పోయాయి. మీ ఉపదేశి చదివి రేకులు ఏరడానికి వెళ్ళారన్నారు. నా వరకు అదే ధ్యానం. విని ఊరుకోవద్దు, చెయ్యమని యాకోబు లేఖ మొదటి అధ్యాయంలోనే ఉంది. మీకు పుస్తకం తెరిచి చదివేవాళ్ళు పక్కనే ఉన్నారు. మా పేటలో ఉపదేశి లేరు, నెలకోసారి పూజ. ఆ ఫోన్ కూడా లేకపోతే మాకు చదివేవాళ్ళెవరు?

వజ్రపుకొత్తూరు రైతు:
అది నేను ఆలోచించలేదమ్మా. అయితే ఆ ఆడియోలో ముందు పఠనం మొత్తం చదివించమనండి. ఇప్పుడొచ్చేవాటిలో రెండు వచనాలు చదివి కథలోకి దిగిపోతున్నారు.

రాజాం కుర్రోడు:
సరే, ఇలా చేసి చూస్తాను. పొద్దున్న ఐదింటికి పఠనాలు మాత్రమే, అక్షరం వదలకుండా. చదవలేనివాళ్ళకి మా చెల్లి చదివి రికార్డు చేస్తానంది. ధ్యానం సాయంత్రం ఏడింటికి, రాసినవాళ్ళ పేరుతో. పేరు లేకపోతే పంపను. గద్ద కథ అసలే పంపను.

భావనపాడు ఆడపడుచు:
ఏడింటికి వద్దు తమ్ముడూ, అప్పుడు మా అత్తగారు సీరియల్ చూస్తారు. ఆరింటికి పెట్టు.