మనం మలచుకున్న పాత్ర కన్నా ఆర్థర్ మోర్గాన్ ఎందుకు దగ్గరవుతాడు?

ప్రశ్న: సైబర్‌పంక్ 2077 అనే వీడియో గేమ్‌లో కథానాయక పాత్ర ‘వి’కి జుట్టు, కళ్ళు, పచ్చబొట్లు, గొంతు అన్నీ నేనే ఎంచుకున్నాను, అయినా ఆ మనిషి చివరిదాకా నాకు పరాయిగానే మిగిలాడు. రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 గేమ్‌లో కథానాయకుడు ఆర్థర్ మోర్గాన్ పేరు, రూపం, గతం రచయితలు ముందే నిర్ణయించినవి కాగా, అతడి కోసం మాత్రం మనసు తల్లడిల్లింది. పాత్రను మనకు నచ్చినట్టు తీర్చిదిద్దుకోవడానికీ, దానితో మమేకం కావడానికీ నిజంగా సంబంధం ఉందంటారా?

మొదటి జవాబు: ఉందండీ, కానీ అది ఆట మొదట్లో గడిపే ఆ అరగంటతో తీరేది కాదు. సైబర్‌పంక్‌లో లోకాన్ని ‘వి’ కళ్ళతోనే చూస్తాం కాబట్టి, అంత శ్రద్ధగా చేసుకున్న ముఖం అద్దం ముందో, ఆటను ఆపి ఫోటోలు తీసుకునే ఫోటో మోడ్‌లోనో తప్ప పెద్దగా కనబడదు. ఆర్థర్ విషయంలో ముఖాన్ని మార్చలేకపోయినా రోజులు గడిచేకొద్దీ గడ్డం పెరుగుతుంది, సరిగా తినకపోతే మనిషి చిక్కిపోతాడు, ఎక్కువ తింటే ఒళ్ళు చేస్తాడు, స్నానం చేయించకపోతే ఎదుటివాళ్ళు మొహం మీదే అనేస్తారు. అతడి బాగోగులు మన చేతిలో ఉంటాయి, ఆ శ్రద్ధే మనల్ని అతడికి దగ్గర చేస్తుందని నా నమ్మకం.

రెండో జవాబు: ముఖాన్ని అంత తేలిగ్గా తీసేయకండి. మాస్ ఎఫెక్ట్ గేమ్‌ల వరుసలో 2007 నుంచి 2012 దాకా మూడు ఆటల పాటు మనం మలచుకున్న ఒకే కథానాయక పాత్ర షెపర్డ్‌ను వెంట తీసుకువెళ్ళే వీలుంది. మొదటి ఆటలో వర్మైర్ అనే గ్రహం మీద షెపర్డ్ సహచరుడు రెక్స్ బతికాడా, చనిపోయాడా అన్నది కూడా తర్వాతి ఆటలకు చేరుతుంది. అతడు చనిపోతే అతడి జాతికి నాయకుడిగా రీవ్ కనిపిస్తాడు. మూడో ఆట విడుదలైనప్పుడు, మొదటి ఆటలో చేసుకున్న ముఖాలు చాలామందికి సరిగా రాక ‘ఇది నా షెపర్డ్ కాదు’ అన్న బాధ వ్యక్తమైంది, ఆ లోపాన్ని ప్యాచ్‌తో (ఆటకు తర్వాత పంపే సవరణతో) సరిచేయాల్సి వచ్చింది. మన నిర్ణయాలన్నీ మోసిన ముఖం కాబట్టే దాని మీద అంత మమకారం.

మూడో జవాబు: మీ ప్రశ్నలో రెండు వేర్వేరు అనుభూతులు కలిసిపోయాయనిపిస్తోంది. ఆర్థర్ కోసం తల్లడిల్లడమంటే అతడి పక్షాన నిలబడటం. ఆ పాత్ర నేనే అనుకోవడం దానికి భిన్నమైనది, దానికి మన ఊహకు కొంత ఖాళీ కావాలి. ఫాల్అవుట్ 4 (2015)లో ఎలాంటి ముఖం చేసుకున్నా, జీవిత భాగస్వామి హత్య, బిడ్డ అపహరణ ముందే రాసిపెట్టి ఉంటాయి. పైగా కథానాయక పాత్రకు సొంత గొంతు కూడా ఇచ్చారు. ఆ ఆటను చేసిన సంస్థే 2023లో తెచ్చిన స్టార్‌ఫీల్డ్‌లో ఆ గొంతును తీసేసింది. ‘వి’కి కూడా గొంతు ఉంది, తనదైన కోపం ఉంది, జాకీ అనే స్నేహితుడు ఉన్నాడు. మీరు ఇచ్చింది రూపం మాత్రమే, మనిషిని రచయితలే తయారు చేశారు. అందుకే పరాయిగా అనిపించి ఉంటాడు.