గర్భసంచి జారితే మెష్ వేయించాలా?

ప్రశ్న: అమ్మకు 74 ఏళ్లు. గర్భసంచి జారింది, దాన్ని పట్టి ఉంచడానికి మెష్ (వల లాంటిది) వేస్తామంటున్నారు. ఒప్పుకోవచ్చా అండీ?

జవాబు: ఏ దారిన వేస్తారో ముందు అడగండి. గర్భసంచి జారినందుకు యోని గుండా వేసే మెష్ అమ్మకాలను అమెరికా మందులు, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2019 ఏప్రిల్‌లో ఆపించింది. వయసుతో యోని లోపలి పొర పల్చబడుతుంది. మెష్ ఒరుసుకుని బయటికొస్తే నొప్పి, రక్తస్రావం. పూర్తిగా తీయడం మహా కష్టం. పొట్ట వైపు నుంచి త్రికాస్థికి (నడుము కింది ఎముకకు) కట్టే మెష్ వేరు, అది ఇప్పటికీ వేస్తున్నారు.

మరొకరు: కోతకు ముందు రింగ్ పెసరీ (జారినదాన్ని పైకి నిలిపేందుకు యోనిలో పెట్టే రింగు) పెట్టి చూడొచ్చు కదా. సైజు సరిపోతే రింగుకీ యోని గోడకీ మధ్య వేలు దూరుతుంది. బిగిస్తే పుండు పడుతుంది. 3 నుంచి 6 నెలలకోసారి తీసి, కడిగి, గోడలు చూపించుకోవాలి. ఈస్ట్రోజెన్ (ఆడ హార్మోన్) క్రీము రాస్తే ఒరుపు తగ్గుతుంది. రొమ్ము క్యాన్సర్ వచ్చి ఉంటే మాత్రం డాక్టర్‌కు ముందే చెప్పండి.

ఇంకొకరు: దాంపత్యం అక్కర్లేదనుకుంటే యోని మూసేసే ఆపరేషన్ ఉంది, మెష్ లేకుండానే. మళ్లీ తెరవడం కుదరదు, అమ్మగారినే అడగండి.