రాబిట్‌ఎంక్యూ నుంచి మెయిల్ వర్కర్ మాటిమాటికీ తెగిపోతోంది, ఎవరైనా చూడండి

హార్బర్_ఆఫీస్ | రాత్రి 10:42
పొద్దున్న నుంచి దీనిమీదే కూర్చున్నాను, ఏమీ తేలలేదు. మాది ఫిషింగ్ హార్బర్ దగ్గర రొయ్యల ఎగుమతి ఆఫీసు. కంటైనర్ లోడయ్యాక ప్యాకింగ్ లిస్టు, ఇన్‌వాయిసు బయ్యర్‌కి మెయిల్‌లో వెళ్లాలి. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఆ పనిని రాబిట్‌ఎంక్యూలో (పనుల్ని మెసేజ్‌లుగా క్యూలో ఉంచే సర్వర్) పెడుతుంది, పైథాన్ వర్కర్ (వెనకాల నడిచే మా ప్రోగ్రామ్) తీసుకుని పంపుతుంది. ఇన్నాళ్లూ బాగానే నడిచింది. ఇప్పుడు వర్కర్ మెసేజ్ తీసుకుంటుంది, కాసేపటికి ఛానెల్ క్లోజ్ అయిపోతుంది, మెసేజ్ మళ్లీ క్యూలోకి వచ్చేస్తుంది. రాబిట్ వినే 5672 పోర్టుకి టెల్నెట్‌తో చూస్తే కనెక్ట్ అవుతోంది. యూజర్, పాస్‌వర్డ్ సరైనవే. రాబిట్ తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేశాను, అదే తంతు. తెల్లారేసరికి రెండు కంటైనర్ల కాయితాలు వెళ్లాలి. ప్లీజ్.

సీతమ్మధార_అడ్మిన్ | 10:49
లాగ్ పెట్టండి. రాబిట్‌దీ, వర్కర్‌దీ.

మెయిల్_మాస్టారు | 10:57
ఎగుమతి వ్యాపారం అన్నారు కాబట్టి ముందు ఒక మాట. మీ డొమైన్‌కి ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ (మెయిల్ నిజంగా మీ దగ్గర్నుంచే వచ్చిందా అని అవతలివాళ్లు సరిచూసుకునే ఏర్పాట్లు) మూడూ ఉన్నాయా? 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్, యాహూ గట్టిగా పట్టుకుంటున్నాయి. జీమెయిల్ ఖాతాలకి రోజుకి 5000 దాటి పంపేవాళ్లకి మూడూ ఉండి తీరాలి. మీలాంటి చిన్న పంపిణీకి కూడా ఎస్‌పీఎఫ్, డీకిమ్‌లలో కనీసం ఒకటి ఉండాలి. ఎస్‌పీఎఫ్ రికార్డులో డీఎన్ఎస్ వెతుకులాటలు పది దాటకూడదు, దాటితే రికార్డు ఉండీ లేనట్టే. మన ఊళ్లో చాలా కంపెనీలు ఇన్‌క్లూడ్ (వేరే డొమైన్ ఎస్‌పీఎఫ్‌ని కలుపుకోవడం) మీద ఇన్‌క్లూడ్ పెట్టేసి ఊరుకుంటాయి. బయ్యర్ స్పామ్‌లో పడ్డ ఇన్‌వాయిసుకి డబ్బులు ఎవరు కడతారండి?

గాజువాక_కోడ్ | 11:03
హార్ట్‌బీట్ (బతికే ఉన్నామని రెండువైపులా పంపుకునే సంకేతం) సున్నా పెట్టేయండి బ్రదర్, కనెక్షన్ తెగదు. మేం అలాగే నడుపుతున్నాం.

సీతమ్మధార_అడ్మిన్ | 11:05
వద్దు. సున్నా పెడితే అవతలివైపు చచ్చిపోయినా రాబిట్‌కి వెంటనే తెలీదు. ఆ వర్కర్ పట్టుకున్న మెసేజ్‌లు అలా ఇరుక్కుపోతాయి.

గాజువాక_కోడ్ | 11:08
టీసీపీ కీప్‌అలైవ్ ఉంది కదా, అవతలివైపు ఉందో లేదో అదే చూసుకుంటుంది.

సీతమ్మధార_అడ్మిన్ | 11:09
లినక్స్‌లో దాని డిఫాల్ట్ 7200 సెకన్లు. రెండు గంటలు ఆగుతారా?

హార్బర్_ఆఫీస్ | 11:14
ఇవిగో లాగ్‌లు.
రాబిట్: "మిస్డ్ హార్ట్‌బీట్స్ ఫ్రమ్ క్లయింట్, టైమౌట్: 60ఎస్"
వర్కర్: "కనెక్షన్ టైమ్డ్ అవుట్" మూడుసార్లు వరసగా, తర్వాత "స్ట్రీమ్ లాస్ట్ ఎర్రర్".
ఛానెల్ ఎందుకు క్లోజ్ అవుతోందో మాత్రం అర్థం కావట్లేదు.

రుషికొండ_బ్యాకెండ్ | 11:21
ఛానెల్ (కనెక్షన్ లోపల నడిచే ఒక దారి) కాదండి, పోతున్నది కనెక్షన్. ఇక్కడ ఆ తేడా పట్టుకుంటేనే దారి దొరుకుతుంది. మెసేజ్ తీసుకుని అరగంట దాకా ఎక్‌నాలెడ్జ్ (ఎక్, అంటే పని అయిందని చెప్పడం) చెయ్యకపోతే రాబిట్ ఛానెల్‌ని మూస్తుంది, అప్పుడు లాగ్‌లో "ప్రీకండిషన్ ఫెయిల్డ్" అని, 1800000 మిల్లీసెకన్లు అని కనిపిస్తుంది. మీకు వచ్చింది హార్ట్‌బీట్ గురించి. అంటే వర్కర్ ప్రాణంతో ఉన్నా ఉలుకూ పలుకూ లేదు, అందుకని రాబిట్ మొత్తం కనెక్షన్‌నే తెంపేసింది.

గాజువాక_కోడ్ | 11:24
ఏదైతేనేం, తెగడం తెగడమే కదా.

రుషికొండ_బ్యాకెండ్ | 11:26
ఛానెల్ అనుకుంటే కన్స్యూమర్ టైమౌట్ (ఆ అరగంట గడువు) పెంచుకుంటూ కూర్చుంటారు, తెల్లారిపోతుంది. హార్బర్ గారూ, మూడు ప్రశ్నలు: ఆ "టైమ్డ్ అవుట్" ఏ హోస్టుకి, ఏ పోర్టుకి? పికాలో (రాబిట్‌తో మాట్లాడే పైథాన్ లైబ్రరీ) బ్లాకింగ్ కనెక్షనేనా? ఈ మధ్య ఏం మార్చారు?

హార్బర్_ఆఫీస్ | 11:33
ఏమీ మార్చలేదండి. కోడ్ ముట్టుకోలేదు. బ్లాకింగ్ కనెక్షనే. టైమౌట్ వస్తున్నది మా మెయిల్ కంపెనీ రిలే సర్వర్‌కి (మా మెయిల్‌ని ముందుకు పంపేది), 25 పోర్టు. కానీ మెయిల్ సర్వర్ బాగానే ఉంది, ఆఫీసు నుంచి టెల్నెట్ చేస్తే వెంటనే 220 (సిద్ధంగా ఉన్నాను) అని వస్తోంది. తుపాన్ల సీజన్ కదా, కరెంటు పోతే ఇబ్బందని సర్వర్‌ని శనివారం క్లౌడ్‌కి మార్చాం, అంతే.

సీతమ్మధార_అడ్మిన్ | 11:34
అదే.

రుషికొండ_బ్యాకెండ్ | 11:47
అసలు సంగతి అక్కడుంది. చాలా క్లౌడ్‌లలో బయటికి వెళ్లే 25 పోర్టుని స్పామ్ భయంతో ముందే మూసి ఉంచుతారు. టెల్నెట్ ఆఫీసు నుంచి కాదు, ఆ క్లౌడ్ సర్వర్‌లోకి లాగిన్ అయి చెయ్యండి. "రెఫ్యూజ్డ్" వస్తే అవతల మిషన్ ఉంది గానీ ఆ పోర్టులో వినేవాళ్లు లేరని. ఏమీ రాకుండా వేలాడితే ప్యాకెట్‌ని మధ్యలో ఎవరో మింగేస్తున్నారని. మీది రెండోదే అవుతుంది.

ఇప్పుడు రాబిట్ ఎందుకు తెగుతోందో చూడండి. పైథాన్ ఎస్‌ఎంటీపీ (మెయిల్ పంపే) లైబ్రరీకి మీరు టైమౌట్ ఇవ్వకపోతే లినక్స్ తన లెక్కలో ప్రయత్నిస్తుంది. ఒక సెకను ఆగి మళ్లీ, రెండు ఆగి మళ్లీ, నాలుగు, ఎనిమిది, పదహారు, ముప్ఫై రెండు, చివర్న అరవై నాలుగు. కలిపితే 127 సెకన్లు. మీ కోడ్ మూడుసార్లు ప్రయత్నిస్తోంది కాబట్టి ఆరు నిమిషాల పైమాటే. పికా బ్లాకింగ్ కనెక్షన్‌లో మీ కాల్‌బ్యాక్ (మెసేజ్ రాగానే నడిచే మీ ఫంక్షన్) నడుస్తున్నంతసేపూ హార్ట్‌బీట్ పంపే నాథుడు ఉండడు. రాబిట్ ఆగి ఆగి తెంపేస్తుంది, మెసేజ్‌ని వెనక్కి తీసుకుంటుంది, వర్కర్ మళ్లీ కలిసి అదే మెసేజ్ తీసుకుంటుంది. రాబిట్ తప్పు ఇందులో ఏమీ లేదు. ఎన్నిసార్లు ఇన్‌స్టాల్ చేసినా ఇంతే.

చెయ్యాల్సింది: పోర్టు 587కి మార్చి, స్టార్ట్‌టీఎల్ఎస్ (మామూలుగా కలిశాక గుప్తీకరణకి, అంటే టీఎల్ఎస్‌కి మారే కమాండ్) పెట్టి, లాగిన్‌తో పంపండి. ఎస్‌ఎంటీపీ టైమౌట్ 15 సెకన్లు. ప్రీఫెచ్ 1 (ఒకసారికి ఒక్క మెసేజే తీసుకోవడం). కాల్‌బ్యాక్ లోపల మూడుసార్లు ప్రయత్నించడం తీసేసి, పంపడం కుదరకపోతే మెసేజ్‌ని వేరే రిట్రై క్యూలోకి తోసి, దీన్ని ఎక్ చేసెయ్యండి. 25ని తెరిపించుకున్నా లాభం లేకపోవచ్చు. ఇన్నాళ్లూ మీ ఆఫీసు ఐపీ చూసి రిలే చేసి ఉంటారు, క్లౌడ్ ఐపీకి "రిలే యాక్సెస్ డినైడ్" అంటారు.

మెయిల్_మాస్టారు | 11:58
587 ఎందుకండి, 465 పెట్టండి. 2018లో వచ్చిన ఇంటర్నెట్ ప్రమాణం ఆర్‌ఎఫ్‌సీ 8314 చెప్పింది అదే, మొదటి బైటు నుంచీ టీఎల్ఎస్. స్టార్ట్‌టీఎల్ఎస్‌లో మొదటి మాటలు తెరిచే వెళ్తాయి, మధ్యలో ఎవడైనా ఆ కమాండ్‌ని చెరిపేసే వీలుంది.

గాజువాక_కోడ్ | అర్ధరాత్రి 12:02
465 పాతబడిపోయిందని తీసేశారు కదా మాస్టారూ?

మెయిల్_మాస్టారు | 12:06
తీసేసిన మాట నిజమే, మళ్లీ అధికారికంగా తెచ్చారు. ఇంకోటి, ఆఫీసులో సర్వర్ ఉన్నా అంత ప్రమాదం కాదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చాక ఊళ్లో కరెంటు లేదు, ఫోన్లు లేవు. అయినా అవతలి సర్వర్లు మనకొచ్చే మెయిల్‌ని వెంటనే పారెయ్యవు, నాలుగైదు రోజులు ప్రయత్నిస్తూనే ఉండాలని ప్రమాణంలోనే ఉంది.

సీతమ్మధార_అడ్మిన్ | 12:08
ఆయన అడిగింది పంపడం గురించి.

హార్బర్_ఆఫీస్ | 12:31
587 పెట్టాను. ఇప్పుడు 535, ఆథెంటికేషన్ ఫెయిల్డ్. పాస్‌వర్డ్ బ్రౌజర్‌లో పనిచేస్తోంది.

సీతమ్మధార_అడ్మిన్ | 12:33
టూ స్టెప్ ఉందా? ఉంటే యాప్ పాస్‌వర్డ్ (ప్రోగ్రాముల కోసం విడిగా తీసుకునేది) పెట్టండి.

హార్బర్_ఆఫీస్ | 12:52
వెళ్లిపోతున్నాయండి. క్యూ ఖాళీ అయింది. ఒక బయ్యర్‌కి అదే ఇన్‌వాయిసు రెండు కాపీలు వెళ్లినట్టుంది, రేపు చూస్తాను. అందరికీ థాంక్స్.

రుషికొండ_బ్యాకెండ్ | 12:58
అది వదలకండి. మెయిల్ వెళ్లాక ఎక్ చేసేలోపు కనెక్షన్ తెగితే రాబిట్ అదే మెసేజ్ మళ్లీ ఇస్తుంది, దాని పద్ధతే అది. పంపిన ఇన్‌వాయిసు నంబర్లు డేటాబేస్‌లో రాసుకుని, పంపేముందు చూసుకోవాలి. పాత వర్కర్ ఆఫీసు మిషన్‌లో ఇంకా నడుస్తోందేమో కూడా చూశారా?

మెయిల్_మాస్టారు | పొద్దున్న 6:15
ఎస్‌పీఎఫ్ సంగతి చెప్పలేదు మీరు. డొమైన్ పేరు అక్కర్లేదు, రికార్డులో ఎన్ని ఇన్‌క్లూడ్‌లు ఉన్నాయో చెప్పండి చాలు.