కాఫీ తోటలో నీడ తగ్గిస్తే తుప్పు తెగులు తగ్గుతుందా?

ప్రశ్న:
పాడేరు దగ్గర మాకు రెండెకరాల అరబికా తోట ఉంది. గట్టు మీద సిల్వర్ ఓక్ నీడ పలుచగా, కింద గెడ్డ (వాగు) పక్కన పనస, మామిడి నీడ దట్టంగా ఉంటుంది. నిరుడు విరగకాసిన గట్టు మొక్కల ఆకుల అడుగున నారింజ రంగు పొడి కనిపించి, కోతలనాటికి సగం ఆకు రాలిపోయింది. గెడ్డ పక్కన మాత్రం వానల్లో ఆకులు నల్లబడి, కింద పడకుండా సన్నని బూజు దారాలకు వేలాడాయి. నీడ చెట్లన్నీ కొట్టేయమని కొందరు చెబుతున్నారు. వాన తగలకుండా పాలిథిన్ కప్పినా మేలు ఉంటుందా?

జవాబు 1:
దయచేసి చెట్లు కొట్టకండి. మీరు చూసినవి రెండు వేర్వేరు తెగుళ్లు. గట్టు మీదిది ఆకు తుప్పు. 1869లో సింహళంలో బయటపడి అక్కడి కాఫీ సాగునే దెబ్బతీసిన శిలీంధ్రం ఇదే. దాని బీజం మొలకెత్తాలంటే ఆకు మీద కొన్ని గంటలపాటు తడి నిలవాలి. ఆ తరువాత అది ఆకు అడుగునున్న సన్నని రంధ్రాల గుండా లోపలికి దిగుతుంది. కాపు మరీ ఎక్కువైన మొక్కకు ఇది తొందరగా సోకుతుంది. నీడ కాపును అదుపులో ఉంచడమే కాక, రాత్రి మంచు నేరుగా ఆకు మీద కురవకుండా అడ్డుకుంటుంది కనుక, గట్టు మీద మీకు కావలసింది ఇంకొంచెం నీడే.

గెడ్డ పక్కన కథ వేరు. అది నల్ల కుళ్లు. గాలి ఆడని దట్టమైన నీడలో, ఎడతెగని వానల్లో అది పెరుగుతుంది. అక్కడ తొలకరికి ముందే పనస, మామిడి కొమ్మలు నరికి, కాఫీ మొక్కల నడిమి కొమ్మలు కూడా తీసి, వెలుతురు లోపలికి దిగేలా చేయండి. తెగులు సోకిన ఆకులు, కొమ్మలు ఏరి కాల్చేయండి.

జవాబు 2:
పాలిథిన్ సంగతి. కామెరూన్‌లో కాఫీ మొక్కలకు వాన తగలకుండా కప్పి చూసినప్పుడు కాయ తెగులు తగ్గింది, ఎందుకంటే దాని బీజాలు వాన చినుకుల చిందులతో వ్యాపిస్తాయి. ఆ తెగులు మన దేశంలో లేదు. తుప్పు బీజాలు గాలికి కూడా ఎగురుతాయి కనుక వాలు మీద రెండెకరాలకు కప్పు వేయడానికయ్యే ఖర్చు వృథా.

జవాబు 3:
మా తోటలో వాన వెలిసిన మరునాడు, ప్రొద్దెక్కాక, ఆకు తిప్పి వేలితో తాకి చూస్తాను. తడి ఇంకా వేలికంటితే ఆ చోట కొమ్మలు తీయవలసిందే. తుప్పుకు 0.5 శాతం బోర్డో మిశ్రమం, అంటే 200 లీటర్ల నీటికి కిలో మైలుతుత్తం, కిలో సున్నం, వానలకు ముందొకసారి, వానలు వెలిశాక మరొకసారి, ఆకు అడుగు తడిసేలా కొడతాను. సేంద్రియ ధ్రువీకరణ ఉన్నవారు ముందుగా అనుమతి అడగాలి.