యార్డు పనుల వీడియోలు ఎందుకు దొరకవు: తప్పు నిబంధనలదా, తీసేవాళ్లదా?

గూడ్స్‌షెడ్:
వందేభారత్ దూసుకుపోయే వీడియోలు కావలసినన్ని. షంటింగ్ (ఇంజన్లను, బోగీలను విడదీసి, జరిపి, కలిపే పని) మొదలునుంచి చివరిదాకా చూపించేది తెలుగులో వెతకండి, ఏమీ తగలదు. కారణం ఒక్కటే, లోపలికి పోనివ్వరు. 1989 రైల్వే చట్టం సెక్షన్ 147 ప్రకారం అనుమతి లేకుండా పట్టాల మీదకెళ్తే 6 నెలల దాకా జైలు, లేదా 1,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ.

కాక్‌మూసిందా:
అదే కారణమైతే ప్లాట్‌ఫాం మీద జరిగేదైనా సరిగ్గా తీయాలి కదండీ. విశాఖలో కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ దిశ మారేది, అంటే ఒక చివర ఇంజన్ విప్పి రెండో చివర ఇంజన్ తగిలించేది, అందరి కళ్లముందే. వీడియోల్లో ఇంజన్ వచ్చి తగలడమే ఉంటుంది, అసలు పని ఉండదు.

ఇంజన్ని విడదీసేటప్పుడు ముందు ఇంజన్ వైపు, బోగీ వైపు యాంగిల్ కాక్‌లు (గాలి పైపుల చివరుండే కవాటాలు) మూయాలి. తర్వాతే హోస్‌లు (గాలి గొట్టాలు) విప్పాలి, ఆపైన రెంటినీ కలిపి ఉంచే కప్లర్ హ్యాండిల్. బోగీ కాక్ మూయకపోతే బ్రేక్ పైప్ గాలి పోయి రేక్ (బోగీల వరస) మొత్తం బ్రేక్ పట్టేస్తుంది. కొత్త ఇంజన్ తగిలాక ఫీడ్ పైప్‌లో (బ్రేకుల ట్యాంకులకు గాలి అందించేది) 6, బ్రేక్ పైప్‌లో 5 కిలోల పీడనం (చదరపు సెం.మీ.కి) రావాలి. అప్పుడు పైలట్ (ఇంజన్ నడిపేవాడు) బ్రేక్ పైప్ పీడనం తగ్గిస్తే, చివరి బోగీలో గార్డు దగ్గరుండే పీడనం గేజి ముల్లూ దిగాలి. దిగలేదంటే మధ్యలో ఎక్కడో కాక్ మూసుకుని ఉంది, దాని వెనక బోగీలకు పైలట్ బ్రేకు అందదు. ఆ ముల్లు మీద కెమెరా పెట్టినవాడు ఎవడు?

బాక్సెన్58:
మీ ఇద్దరూ బోగీల దగ్గరే ఆగారు. గూడ్సు యార్డులో చూడ్డానికే పెద్దగా మిగల్లేదు. ఒకప్పుడు మొగల్‌సరాయ్ లాంటి యార్డుల్లో హంప్ (పట్టాలున్న చిన్న దిబ్బ) మీదకు నెట్టి, వ్యాగన్లను గమ్యం వారీగా వేరే లైన్లలోకి దొర్లించేవారు. ఖాళీ బాక్సెన్ (బొగ్గు మోసే పైకప్పు లేని వ్యాగన్) 22 టన్నులు దాటుతుంది, నిండింది 80 దాటుతుంది. ఒకే వాలులో రెండూ ఒకేలా దొర్లవు కాబట్టి పట్టా మీద స్కిడ్ (చక్రాన్ని ఆపే ఇనుప ముక్క) పెట్టేవాడి అంచనాయే ఆట మొత్తం. ఇప్పుడు బొగ్గు రేక్ 58 వ్యాగన్లూ కలిసే వస్తాయి, కలిసే పోతాయి. తనిఖీకి గంటల తరబడి నిలబడే రేక్‌ని ఎవరు చూస్తారండీ?

గూడ్స్‌షెడ్:
చూస్తారు! అమెరికాలో నార్త్ ప్లాట్‌లోని బెయిలీ యార్డు పక్కన, జనం చూడ్డానికనే గోల్డెన్ స్పైక్ టవర్ కట్టారు. అలాంటిది ఇక్కడ లేదనే నా గొడవ.

రాత్రిడ్యూటీ:
టవర్ కట్టుకోండి, కింద మాత్రం వద్దు. రాత్రి షంటింగ్‌లో పైలట్ కళ్లు పాయింట్స్‌మన్ (కింద నిలబడి సైగలిచ్చే ఉద్యోగి) చేతిలో దీపం మీదుంటాయి. పక్కన ఫోన్ ఫ్లాష్ వెలిగితే ఏది సిగ్నలో తికమక. షంటింగ్ వేగం మామూలుగా 15 కి.మీ. మించకూడదు, పేలుడు పదార్థాల వ్యాగన్లయితే 8. నెమ్మదే కదా అనుకోవద్దు, నెట్టుకొచ్చే ఖాళీ వ్యాగన్ల చప్పుడు దగ్గరికొచ్చేదాకా తెలియదు.

కాక్‌మూసిందా:
ఒప్పుకుంటా. ఫుట్ ఓవర్ బ్రిడ్జి మీంచి తీయొచ్చు, గేజి మాత్రం అక్కణ్ణించి కనబడదు. అది శిక్షణ కేంద్రాల వాళ్లే తీసి బయటపెట్టాలి.

బాక్సెన్58:
పెట్టినా తెలుగులో పెడతారా?