గుత్తి దగ్గరి పల్లెలో నెలవారీ బిల్లు లేకుండా టీవీ చూడాలంటే ఏ యాంటెన్నా కొనాలి, ఏ దిక్కుకు పెట్టాలి?

ప్రశ్న (గుత్తి మండలం, అనంతపురం జిల్లా)

అందరికీ నమస్కారం. మా మిద్దె మీద పాత అల్యూమినియం యాంటెన్నా ఒకటి, ఇరవై అడుగుల ఇనుప పైపుకు బిగించినది, ఇప్పటికీ నిలబడే ఉంది. ఈ మధ్య కొత్త ఎల్‌ఈడీ టీవీ తెచ్చుకున్నాము. దానికి ఆ యాంటెన్నా తీగ తగిలించి చానళ్లు వెతికిస్తే ఒక్కటి కూడా దొరకలేదు. మా నాన్నగారికి దూరదర్శన్ సప్తగిరి, వార్తలు వస్తే చాలు. నెలనెలా డబ్బు కట్టే ఉద్దేశం మాకు లేదు. డిజిటల్ ప్రసారాలకు వేరే యాంటెన్నా ఉంటుందని అంగట్లో చెప్పారు. ఏది కొనాలో, పైపును ఇంకా ఎత్తు పెంచాలో, ఏ దిక్కుకు తిప్పాలో తెలిసినవారు చెప్పగలరు.

జవాబు (ప్రొద్దుటూరు)

దూరదర్శన్ 2016లో బెంగళూరు, చెన్నై వంటి 16 నగరాల్లో డీవీబీ-టీ2 పద్ధతిలో, అంటే నేల మీది టవర్ల నుంచి మామూలు యాంటెన్నాకు అందే తీరులో, డిజిటల్ ప్రసారాలు మొదలుపెట్టింది. మీకు బెంగళూరు దగ్గర కనుక, ఎక్కువ పుల్లలున్న యాగీ యాంటెన్నా ఒకటి తీసుకుని, మంచి బూస్టరు పెట్టి, దక్షిణానికి తిప్పి చూడండి. పైపు ఎత్తు పెంచితే అవకాశం ఉండవచ్చునని నా అభిప్రాయం.

జవాబు (అనంతపురం, డిష్‌లు బిగించే పని చేస్తాను)

ప్రొద్దుటూరు మిత్రులు చెప్పిన ప్రసారం సంగతి నిజమే కానీ, దానిని గుత్తిలో అందుకోవడం సాధ్యపడదు. గుత్తి నుంచి బెంగళూరు తిన్నగా కొలిచినా 230 కిలోమీటర్లకు పైబడి ఉంటుంది. 150 మీటర్ల టవరు నుంచి వెలువడే సంకేతం, 15 మీటర్ల ఎత్తున ఉన్న యాంటెన్నాకు, భూమి వంపు అడ్డం రాకుండా చేరగలిగేది దాదాపు 65 కిలోమీటర్ల దూరం వరకే. బెంగళూరు ఎత్తయిన పీఠభూమి మీద ఉన్నది కదా అని ఆ ఎత్తును కూడా లెక్కలో కలిపినా సగం దారి దాటడమే కష్టం, పైగా నడుమ పెనుకొండ వైపు కొండలున్నాయి. బూస్టరు అనేది వచ్చిన సంకేతాన్ని పెంచుతుందే తప్ప రాని సంకేతాన్ని పుట్టించలేదు. ఇక మీ పాత యాంటెన్నా పట్టుకున్న అనలాగ్ ప్రసారాల విషయానికి వస్తే, దూరదర్శన్ వాటిని దేశమంతటా దశలవారీగా ఆపుతూ వచ్చి, సుమారు 50 వ్యూహాత్మక కేంద్రాలు మినహా మిగిలినవాటిని 2022 మార్చి చివరికల్లా మూసివేసింది. కాబట్టి కొత్త యాగీ మీద డబ్బు పెట్టవద్దు.

మీ అవసరానికి సరిపోయేది డీడీ ఫ్రీ డిష్, అంటే దూరదర్శన్ వారు ఉపగ్రహం ద్వారా ఉచితంగా ఇచ్చే టీవీ సేవ. 2004 డిసెంబరులో డీడీ డైరెక్ట్ ప్లస్ పేరుతో మొదలైన సేవే ఇది. నెలవారీ రుసుము లేదు, డిష్, ఎల్‌ఎన్‌బీ (డిష్ ముందు కడ్డీ చివర సంకేతాన్ని పట్టుకునే చిన్న పరికరం), బాక్సు, కేబుల్ అన్నీ కలిపి ఒకసారి సుమారు 2,000 రూపాయలు పెట్టుకుంటే చాలు. హిందీ చానళ్లే ఎక్కువన్న మాట వాస్తవమే అయినా సప్తగిరి వస్తుంది. కొనేముందు మీ టీవీ సెట్టింగులలో ‘శాటిలైట్’ అన్న ఎంపిక ఉన్నదేమో చూడండి, ఉంటే ఉచిత చానళ్లకు విడిగా బాక్సు కూడా అక్కరలేకపోవచ్చు. లేకపోతే ఎంపెగ్-4 అనే కొత్త రకం బాక్సే తీసుకోండి. పాత రకం ఎంపెగ్-2 బాక్సు చవకగా ఇస్తామన్నా, దానిలో కొన్ని చానళ్లు రావు.

డిష్ విషయంలో 60 సెంటీమీటర్లది మన జిల్లాలకు సరిపోతుంది. 75 సెంటీమీటర్లది దొరికితే దాని వైశాల్యం ఒకటిన్నర రెట్లు ఉంటుంది కనుక వాన పడేటప్పుడు కొంత ఎక్కువసేపు నిలదొక్కుకుంటుంది. అనంతపురంలో వాన ఎన్నాళ్లు పడుతుంది లెండి! మనకు అసలు బాధ వాన కాదు, ఆషాఢ శ్రావణాల గాలి. రామగిరి కొండల మీద గాలిమరలు పెట్టింది ఊరికే కాదు. అందువల్ల 90 సెంటీమీటర్ల డిష్‌ను మీకు నేను సూచించను, అది గాలిని తెరచాపలా పట్టుకుంటుంది.

ఇప్పుడు దిక్కు. ఫ్రీ డిష్ ప్రసారాలు జీశాట్-15 ఉపగ్రహం నుంచి వస్తాయి. ఆ ఉపగ్రహం భూమధ్యరేఖకు పైన, 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం వద్ద నిలిచి ఉంటుంది. గుత్తి నుంచి చూస్తే అది ఉత్తరం నుంచి గడియారపు ముల్లు తిరిగే వైపుగా 132.5 డిగ్రీల దిక్కున, నేల నుంచి 64.5 డిగ్రీల ఎత్తున ఉంటుంది. కర్నూలు వారికి దిక్కు 134.6, ఎత్తు 64.2, కడప వారికి 133.6, 66, అనంతపురం పట్టణానికి 131.7, 64.8. అంటే నాలుగు ఊళ్లకూ ఆగ్నేయ మూలే. దిక్సూచిగా ఫోన్ వాడవచ్చు గానీ, దానిని ఇనుప పైపుకు ఆనించి చూస్తే పది ఇరవై డిగ్రీలు తప్పు చూపడం మామూలే. నాలుగడుగులు ఎడంగా నిలబడి దిక్కు గుర్తించి, పిట్టగోడ మీద సుద్దతో గీత గీసుకోండి.

ఇంత ఎత్తున ఉన్న ఉపగ్రహానికి పొడవాటి పైపు అవసరం లేదన్నది అందరూ గమనించవలసిన సంగతి. డిష్ కన్నా పది అడుగులు ఎత్తున్న గోడ గానీ, నీళ్ల ట్యాంకు గానీ, ఆగ్నేయాన ఐదడుగుల లోపల ఉంటేనే అడ్డవుతుంది, అంతకు మించిన దూరాన ఉంటే దాని మీదుగా సంకేతం దిగిపోతుంది. పాత యాంటెన్నాకు ఎత్తే బలం, డిష్‌కు మాత్రం కదలకుండా ఉండడమే బలం. మీ ఇరవై అడుగుల పైపును మూడడుగులకు కోయించి, మందం సరిపోతే, దానినే డిష్‌కు వాడుకోవచ్చు. బండలు పరిచిన మిద్దె అయితే బండకు రంధ్రం చేయవద్దు, పగిలితే కిందికి నీరు దిగుతుంది. పిట్టగోడలో గానీ కాంక్రీటు స్తంభంలో గానీ యాంకర్ బోల్టులు దింపించండి. పైపు నిటారుగా ఉన్నదో లేదో మేస్త్రీ దగ్గరి తూకం గుండుతో రెండు వైపుల నుంచీ చూపించుకోండి. పైపు ఒరిగి ఉంటే, దిక్కు సరిచేయడానికి డిష్‌ను పక్కకు తిప్పిన ప్రతిసారీ ఎత్తు కూడా మారిపోయి, ఎంతకూ సంకేతం చిక్కదు.

మీకు దొరికేది ఆఫ్‌సెట్ డిష్, అంటే ఎల్‌ఎన్‌బీ నడిమధ్యకు ఎదురుగా కాక కింది వైపున ఉండే రకం, కనుక, దాని ముఖం చూడటానికి ఉపగ్రహం కన్నా ఇరవై డిగ్రీలకు పైగా కిందికి చూస్తున్నట్లే ఉంటుంది. అది చూసి కంగారుపడి ఇంకా పైకి ఎత్తకండి. వెనుక పట్టీ మీద డిగ్రీల గీతలుంటే 64, 65 మధ్య పెట్టండి. 60 సెంటీమీటర్ల డిష్‌ను ఒక డిగ్రీ వంచితే అంచు కదిలేది సుమారు అర సెంటీమీటరు మాత్రమే, కాబట్టి కొద్దికొద్దిగా కదిలించి, ప్రతిసారీ రెండు మూడు సెకన్లు ఆగి తెర చూడండి. బాక్సుకు సంకేతం గుర్తించడానికి ఆ మాత్రం సమయం పడుతుంది. ఆత్రంగా తిప్పుకుంటూ పోతే ఉపగ్రహాన్ని దాటిపోయినా తెలియదు.

బాక్సులో ఎల్‌ఎన్‌బీ రకం యూనివర్సల్, అంటే 9750/10600 అని పెట్టి, 11090 మెగాహెర్ట్జ్, వర్టికల్ (నిటారు తరంగం), సింబల్ రేటు 29500 ఇచ్చి వెతకండి.

అడిగినవారు

చాలా వివరంగా చెప్పారు, ధన్యవాదాలు. 60 సెంటీమీటర్ల డిష్ తెచ్చి, మీరు చెప్పిన కొలతలకే బిగించాము. సిగ్నల్ స్ట్రెంగ్త్ 80 శాతం దాకా చూపిస్తోంది, క్వాలిటీ మాత్రం సున్నా. పక్కింటివారి డిష్ కూడా ఇదే దిక్కుకు ఉంది, వారికి బాగానే వస్తోంది. ఎల్‌ఎన్‌బీ చెడిపోయిందా?

జవాబు (అనంతపురం)

స్ట్రెంగ్త్ చూసి మోసపోకండి. ఎల్‌ఎన్‌బీకి కరెంటు అందుతున్నదని, కేబుల్ తెగిపోలేదని మాత్రమే అది చెబుతుంది. డిష్ సరైన ఉపగ్రహాన్ని చూస్తున్నదో లేదో చెప్పేది క్వాలిటీ.

పక్కింటివారిది ఏ కంపెనీదో కనుక్కోండి. డిష్ టీవీ అయితే వారు చూస్తున్నది 95 డిగ్రీల వద్ద ఉన్న వేరే ఉపగ్రహాన్ని కావచ్చు. మీ ఊరి నుంచి ఆ రెండింటి మధ్య తేడా దిక్కులో మూడు డిగ్రీల లోపు, ఎత్తులో ఒకటిన్నర డిగ్రీల లోపు. వారిని చూసి పెట్టుకుంటే దగ్గరి దాకా వచ్చి తప్పిపోతారు. అది ఆనవాలుగా పనికివస్తుంది గానీ, అక్కడి నుంచి మీ డిష్‌ను కొద్దిగా దక్షిణానికి తిప్పి, రవ్వంత పైకి లేపాలి. టాటా ప్లే డిష్ మరీ దక్షిణానికి, ఎయిర్‌టెల్ డిష్ మరీ తూర్పుకు తిరిగి ఉంటాయి, వాటిని కొలతగా తీసుకోకండి.

రెండవ అనుమానం ఎల్‌ఎన్‌బీ ఒరుగు మీద. దానిని పట్టీలో నిటారుగా బిగించి ఉంటారని నా ఊహ. ఉపగ్రహం మనకు తూర్పుగా 16 డిగ్రీల దూరాన ఉండడం, మనం భూమధ్యరేఖకు దగ్గరగా ఉండడం వలన, వర్టికల్ తరంగం మన దగ్గరికి వచ్చేసరికి దాదాపు 45 డిగ్రీలు ఒరిగిపోతుంది. ఢిల్లీలో ఈ ఒరుగు 27 డిగ్రీలే, అందుకే ఉత్తరాది వారి వీడియోలు చూసి బిగించుకున్నవి మన దగ్గర సరిగా కుదరవు. డిష్ వెనుక నిలబడి ఆగ్నేయానికి చూస్తున్నప్పుడు ఎల్‌ఎన్‌బీ పైభాగం మీ ఎడమచేతి వైపుకు వాలాలి. ఎదుటి నుంచి డిష్ ముఖం చూస్తే అది గడియారపు ముల్లు తిరిగే వైపు అవుతుంది. పొరపాటున రెండో వైపుకు 45 తిప్పితే మొత్తం తేడా 90 డిగ్రీలై, మీకు కావలసిన తరంగం పూర్తిగా నిలిచిపోతుంది.

మరొక మాట (కర్నూలు)

ఇనుప పైపు, వాషర్ల విషయంలో ఒక చిన్న జోడింపు. క్వాలిటీ దొరికిన సంతోషంలో నట్టును ఒక్కసారిగా బిగిస్తే డిష్ డిగ్రీ మేర జరిగి, దొరికినది పోతుంది. తెర చూస్తూ నాలుగు నట్లనూ వంతులవారీగా కొద్దికొద్దిగా బిగించుకుంటూ రావాలి. మా వైపు గాలికి ఊగిన డిష్‌లలో చాలావాటికి కారణం స్ప్రింగ్ వాషరు వేయకపోవడమే.

అడిగినవారు

ఎల్‌ఎన్‌బీని ఎడమకు వాల్చగానే క్వాలిటీ 40 చూపించింది, డిష్‌ను కొద్దిగా దక్షిణానికి జరిపితే 72కు చేరింది. సప్తగిరి వచ్చింది. ఇంకా రెండు సందేహాలు. మా అన్న గదిలో ఉన్న రెండో టీవీకి ఇదే డిష్ నుంచి ఇవ్వవచ్చునా? పిడుగుల కాలంలో ఏమి జాగ్రత్త తీసుకోవాలి?

జవాబు (అనంతపురం)

సంతోషం. రెండో టీవీకి ట్విన్ ఎల్‌ఎన్‌బీ తెచ్చి ఇదే పట్టీలో, ఇదే ఒరుగులో బిగించండి, ఒక్కొక్క బాక్సుకు ఒక్కొక్క కేబుల్ వెళుతుంది. ఒకే కేబుల్‌ను ముడివేసి రెండుగా చీల్చే పని చేయకండి. కేబుల్ ఆర్‌జీ-6 తీసుకుని, ఎల్‌ఎన్‌బీ దగ్గర కనెక్టరు మీద రబ్బరు తొడుగు వేయండి. లోపలికి నీరు దిగితే రాగి తీగకు చిలుము పట్టి, ఏడాది తిరక్కుండానే క్వాలిటీ పడిపోతుంది. కేబుల్ గోడలోకి ప్రవేశించే చోట కిందికి ఒక వంపు వదిలితే వాననీరు ఆ వంపు నుంచే జారిపోతుంది.

పిడుగుల సంగతికి వస్తే, డిష్ పైపును మందపాటి రాగి తీగతో ఇంటి ఎర్తింగుకు కలిపించండి, ఈ పని ఎలక్ట్రీషియన్ చేతనే చేయించాలి. చైత్ర వైశాఖాలలో ఉరుములు మొదలవగానే బాక్సు ప్లగ్గు తీయడంతో సరిపెట్టకుండా, డిష్ నుంచి వచ్చే కేబుల్‌ను కూడా బాక్సు వెనుక నుంచి విప్పి పక్కన పెట్టండి. ఉరుములు మొదలైన తరువాత మాత్రం మిద్దె ఎక్కి డిష్‌ను ముట్టుకోవద్దు.